బుల్లయ్య ఆడిన పురుగుల ఆట

అద్దంకి బస్టాండు వెనక వీధిలో కరీముల్లాకి రేడియో రిపేరు కొట్టు ఉంది. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి ఆ కొట్టు ముందు మిర్చి బస్తాల లారీ ఒకటి వచ్చి ఆగింది. లారీ మళ్ళీ కదిలేలోగా కరీముల్లా ఒక్క మాట తేల్చుకోవాలి. పదిన్నరైంది, మాట తేలలేదు. మధ్యలో బుల్లయ్య నోరు తెరిచాడు మరి.

తేల్చుకోవాల్సిన సంగతి చిన్నదే. తాడేపల్లిలో వీడియో గేముల కొట్టు నడిపే ఆదాం, వారం కిందట రెండు గేము పెట్టెలు తెచ్చి కరీముల్లా కొట్టు వసారాలో దించాడు. ఒక్కోటీ బీరువా అంత ఉంటుంది. పైన టీవీ, కింద తిప్పడానికి ఒక హ్యాండిలు, పక్కన బటను. రూపాయి బిళ్ళ వేస్తే ఆట. "వారం రోజులు రెండూ ఉంచు. జనానికి ఏది ఇష్టమైతే అది ఏడాదిపాటు నీ దగ్గర ఉంటుంది, రెండోది డ్రైవరు ప్రేమదాసు లారీలో నాకు తిప్పి పంపించు" అన్నాడు ఆదాం. బిళ్ళలు పడే డబ్బా తాళంచెవి మాత్రం తన జేబులోనే వేసుకుని పోయాడు. నెల తర్వాత వచ్చి తీస్తాడు. డబ్బా తేలిగ్గా ఉందంటే, పెట్టె ఎత్తుకెళ్ళి ఎదురుగా సైకిళ్ళ కొట్టువాడికి ఇచ్చేస్తాడు.

కరీముల్లాకి ఇది ఆటల వ్యవహారం కాదు. ఇంటింటికీ టీవీలు వస్తున్న రోజులు, రేడియో బాగు చేయించుకునేవాడు వారానికొకడు దొరికితే గొప్ప. ఈ పెట్టె నిలబడితే కొట్టు నిలబడుతుంది. లేదంటే కొట్టు మూసి దర్శిలో మామగారి పిండిమరలో పనికి పోవాలి. మామగారు చెడ్డవాడేం కాదు. కాకపోతే అల్లుడితో ఏం మాట్లాడినా ముందు ఒక నిట్టూర్పు విడిచి మాట్లాడతాడు. ఆ నిట్టూర్పు రోజంతా వింటూ పిండి పట్టడం అనే తలపుకే కరీముల్లాకి నిద్ర పట్టడం మానేసింది.

రెండు పెట్టెల్లో ఒకదానికి ఊళ్ళోవాళ్ళు పురుగుల ఆట అని పేరు పెట్టారు. పైనుంచి వరసలు వరసలుగా ఏవో దిగుతుంటాయి, కింద ఒక చిన్న తుపాకీ అటూ ఇటూ జరుగుతూ వాటిని కొడుతుంటుంది. కంపెనీవాడు వాటిని ఏమనుకుని చేశాడో గానీ, పత్తి వేసి మునిగిన ఊళ్ళు కదా, చూడగానే అందరూ పురుగులే అన్నారు. రెండోది మింగుడు ఆట. గుండ్రటి నోరు ఒకటి సందుల్లో తిరుగుతూ చుక్కలన్నీ మింగుతుంది, నాలుగు దయ్యాలు దాని వెంటపడతాయి.

వారం రోజులుగా పురుగుల ఆట దగ్గర ఎప్పుడూ పది పన్నెండు మంది మూగి ఉంటున్నారు. మింగుడు ఆట దగ్గర ఇద్దరో ముగ్గురో. కరీముల్లా వెనక బల్ల దగ్గర రేడియోలో తల దూర్చి కూర్చునే మనిషి, అతనికి కనిపించేవి జనం వీపులే. వీపుల లెక్కన చూస్తే పురుగుల ఆటే ఉంచాలి. కానీ అతని భార్య రహమతున్నీసా వద్దంటోంది. పెట్టెలు వచ్చినప్పటి నుంచీ ఆమె కుట్టు మిషను వసారాలోకి జరిగింది, ఆ పురుగుల పెట్టెకి పక్కనే. ఎందుకు వద్దో ఆమె చెప్పబోతే, "నీకు కుట్టు సంగతి తెలుసు, ఇది మిషను సంగతి" అన్నాడు కరీముల్లా. కుట్టేది కూడా మిషనే కదా అని ఆమె ఊరుకుంది.

అందుకే తెలిసినవాణ్ణి అడుగుదామని బుల్లయ్యని పట్టుకున్నాడు. అదే పొరపాటు.

బుల్లయ్య మిర్చి కమీషను కొట్టులో గుమాస్తా. యాభై దాటిన మనిషి, భుజాన ఎప్పుడూ ఎర్రటి తువ్వాలు, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ మిరపకారం. వారం రోజులుగా పొద్దునా సాయంత్రం పురుగుల పెట్టె ముందు నిలబడి హ్యాండిలు పట్టుకుని ఆడుతున్నది అతనే. చుట్టూ మూగేవాళ్ళంతా అతని ఆట చూడ్డానికీ, అతని మాట వినడానికీ వచ్చేవాళ్ళే. ఆ రోజు కరెంటు పొద్దున్నే పోయింది. పెట్టెలు రెండూ నల్లగా నిలబడి ఉన్నాయి. ఆట లేకపోయేసరికి మాట రెట్టింపైంది.

"అన్నా, లారీ వచ్చింది. ఏది ఉంచను? ఒక్క మాట చెప్పు చాలు," అన్నాడు కరీముల్లా.

"ఒక్క మాటతో పోయేదా అది?" అని బుల్లయ్య వసారా మెట్టు మీద సర్దుకుని కూర్చున్నాడు. అతను సర్దుకుని కూర్చోగానే కరీముల్లా లారీ వంక చూశాడు. "ఏ ఆట గొప్పదో చెప్పాలంటే అన్ని ఆటలూ ఆడినవాడై ఉండాలి. ఈ జిల్లాల్లో అట్లాంటివాడు ఎవడున్నాడు? నేను పొగరుకి చెప్పట్లేదు. ఎనభై మూడులో మా కొట్టు సరుకు రెండొందల బస్తాలు ఓడకెక్కించడానికి లారీతో పాటు మద్రాసు వెళ్ళానా, ఓడ ఆ రోజు రాలేదు. ఏం చెయ్యను? హార్బరు పక్క వీధిలో నడుస్తుంటే ఒక కొట్లో ఇట్లాంటి పెట్టెలు నాలుగు కనపడ్డాయి. వెళ్ళి నిలబడ్డాను. ఒక పావుగంట ఆడాను. అంతే."

"అంతేగా," అన్నాడు కరీముల్లా ఆశగా. "ఏది బాగుంది?"

"ఆ పావుగంటలో ఏమైందో తెలుసా?"

పోయింది, అనుకున్నాడు కరీముల్లా. లారీ డ్రైవరు ప్రేమదాసు హారను కొట్టాల్సింది పోయి, టీ గ్లాసు పట్టుకుని వచ్చి మెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు. పక్కనే పేరయ్య. పేరయ్యది ఊరి బయట మూడెకరాల పత్తి, ఈ ఏడు పురుగు మొత్తం తినేసింది. చేలో చేసేదేమీ లేక రోజూ వచ్చి ఇక్కడ కూర్చుంటున్నాడు. బల్ల మీద జానకిరామయ్య మాస్టారు, రిటైరైన లెక్కల మాస్టారు, తన రేడియో కోసం వచ్చి ఇరుక్కుపోయారు. వీళ్ళు కాక ఇంకో అరడజను మంది.

"మొదటి పెట్టెలో కప్ప," అన్నాడు బుల్లయ్య. "రోడ్డు మీద లారీలు పోతుంటాయి, వాటి మధ్యనుంచి కప్పని అవతలికి దాటించాలి. నేను లారీల్లో తిరిగే మనిషిని, లారీ ఎప్పుడు మలుపు తిరుగుతుందో డ్రైవరు కంటే ముందు నాకు తెలుస్తుంది. ఒక కప్పని దాటించాను. పదిని దాటించాను. జనం మూగారు. మధ్యాహ్నానికి ఎన్ని దాటించి ఉంటాను? చెప్పండి. నాలుగు వేలు. అవతలి గట్టు మీద కప్పలకి కాలు పెట్టే చోటు లేదు. ఇక ముందొచ్చినవి వెనక్కి బయల్దేరాయి. అప్పుడు వాటిని ఇటు దాటించాల్సొచ్చింది."

"పావుగంటలోనా?" అన్నారు మాస్టారు.

"పావుగంట అన్నది మొదటి కప్పకండీ."

"అయితే కప్పల ఆట గొప్పదా?" అన్నాడు కరీముల్లా. "నా దగ్గర కప్పలు లేవన్నా. నా దగ్గర రెండే ఉన్నాయి. ఇదా, అదా?"

"వినరా ఒరేయ్. రెండో పెట్టెలో పెద్ద కోతి. పైన నిలబడి కిందికి పీపాలు దొర్లిస్తుంది, ఒక పిల్లని ఎత్తుకెళ్ళి దాచింది. మనం పీపాల మీంచి గెంతుతూ పైకెక్కి పిల్లని విడిపించాలి. నేను ఎక్కలేదు. కిందే నిలబడి గెంతుతూ ఉన్నాను. అది దొర్లిస్తూ ఉంది, నేను గెంతుతూ ఉన్నాను. చీకటి పడే వేళకి దాని దగ్గర పీపాలు అయిపోయాయి. ఇటు వెతికింది, అటు వెతికింది. బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుంది పాపం. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? ఆ పిల్లని తనే చెయ్యి పట్టుకుని మెట్లు దింపి తీసుకొచ్చి, జాగ్రత్తగా ఇంటికి పంపించమని నాకు అప్పజెప్పింది."

"పిల్ల ఏమంది?" అన్నాడు ప్రేమదాసు.

"తెలుగు రాదు దానికి."

అందరూ నవ్వారు. కరీముల్లా నవ్వలేదు. గోడ గడియారం పదిముప్పావు చూపిస్తోంది. "ప్రేమదాసూ, రెండింటికల్లా గుంటూరు యార్డులో ఉండాలన్నావుగా నువ్వు?" అని గుర్తుచేశాడు.

"ఉండాలి భాయ్. ఆ మింగుడుది కూడా చెప్పెయ్యనీ, పోదాం."

"మింగుడుది మూడో పెట్టె," అందుకున్నాడు బుల్లయ్య. "అప్పటికి రాత్రి అయింది, కొట్టు మూస్తానంటాడు ఓనరు. జనం మూయనివ్వలేదు. వాడే నాకు ఇడ్లీలు తెప్పించి నోట్లో పెట్టాడు, నా చేతులు ఖాళీ లేవు కదా. నేను తింటున్నాను, అక్కడ అది తింటోంది. చుక్కలు తింది. దయ్యాల్ని తింది. చుక్కలు మళ్ళీ పోశారు, మళ్ళీ తింది. తినీ తినీ ఎంత లావైందంటే సందులో పట్టలేదు. మలుపు దగ్గర ఇరుక్కుపోయింది. దయ్యాలే వెనకనుంచి తోశాయి. తోసేసరికి ఒక తేన్పు తేన్చింది. ఆ తేన్పు హార్బరు దాకా వినపడింది. ఓడ కూసిందనుకుని కూలీలు నిద్ర లేచి పరిగెత్తుకొచ్చి మా బస్తాలు ఎత్తడం మొదలెట్టారు. ఓడ లేదు అక్కడ. నీళ్ళ అంచుదాకా పోయి ఆగారు."

"ఒక్క బస్తా కూడా తడవలేదా?" అన్నారు మాస్టారు.

"మాస్టారూ, మీరు నన్ను నమ్మట్లేదు."

"బస్తాలని నమ్ముతున్నానయ్యా, చెప్పు."

ఇంట్లో ఒక పామును చంపడానికి నలుగురిని పిలిస్తే ఆ నలుగురూ కూర్చుని పాముల గురించి చెప్పుకుంటున్నట్టుంది కరీముల్లాకి. "అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు. "మింగుడుది ఉంచమంటావా, పంపమంటావా? తల ఊపు చాలు, మాట కూడా వద్దు."

"తినేది కూడా ఒక ఆటేనట్రా? అసలు ఆట నాలుగో పెట్టె." బుల్లయ్య లేచి, కరెంటు లేని పురుగుల పెట్టె మీద చెయ్యి వేసి, సొంత గేదెని తట్టినట్టు తట్టాడు. "ఇదీ. దీని అన్న. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదేరా. ఎందుకో తెలుసా? మిగతావి ఆడాలంటే చెయ్యి తిరిగితే చాలు. ఇది ఆడాలంటే పురుగు మనసు తెలియాలి. గుంటూరు, ప్రకాశం మనిషికి తప్ప ఇంకొకడికి తెలియదు ఆ మనసు. రెండో రోజు పొద్దున దీని ముందు నిలబడ్డాను. నా చేతులు చూడు, ఈ కారం ఎన్నిసార్లు కడిగినా పోదు. ఆ కారం బటను సందులోంచి లోపలికి దిగింది. దిగేసరికి ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. వాళ్ళలో ప్రేమదాసు గొంతు అందరికంటే పెద్దది.

"ముందు వరస తుమ్మింది. పురుగులకి తుమ్మొస్తే తెలుసుగా, కాళ్ళు నిలవ్వు. ముందు వరస తుమ్మి వెనక వరస మీద పడింది, వెనకది దాని వెనకదాని మీద. నేను కాల్చే పనే లేదు. అయినా కాల్చాను, ఆట నియమం ఉంటుంది కదా. మూడు పగళ్ళు, మూడు రాత్రులు. నాలుగో రోజు ఒక ముసలి పురుగు ముందుకొచ్చి నిలబడింది. కాలికి తెల్లగా ఏదో కట్టుకుని ఊపుతోంది. ఏమిటా అని చూస్తే పత్తి. మన పత్తి. ఇక చాలు బాబూ అంటోంది. నేను ఆగలేదు. మా పేరయ్య గుర్తొచ్చాడు నాకు. పేరయ్య చెయ్యెత్తి దణ్ణం పెడితే మీరు ఆగారా అన్నాను. కొట్టాను."

పేరయ్య తలెత్తి చూశాడు. ఆ మాటకి అతను నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. "అది నిజం, ఆగలేదు అవి," అన్నాడు నేల వైపు చూస్తూ.

"ఆ తర్వాత పురుగులు రావడం మానేశాయి. టీవీ ఖాళీ. మొత్తం దేశంలో ఈ ఆట పెట్టెలన్నీ ఖాళీ. జపానులో కంపెనీకి టెలిగ్రాములు పోయాయి, మా పెట్టెలో పురుగుల్లేవు, మా పెట్టెలో పురుగుల్లేవు అని. కంపెనీ ఓనరు విమానమెక్కి మద్రాసొచ్చాడు. వచ్చి నా ముందు నడుం వంచి అట్లాగే ఉండిపోయాడు, వాళ్ళకది మర్యాద. లేవయ్యా అంటే లేచి, బుల్లయ్యగారూ, మేం చేసిన పురుగులన్నీ మీరు చంపేశారు, కొత్తవి చెయ్యాలంటే పదేళ్ళు పడుతుంది, మీ ప్రాంతంలో గట్టి పురుగులుంటాయట, విత్తనానికి కాసిని ఇప్పించండి అన్నాడు. దానికేం భాగ్యం అని నేను ఉత్తరం ముక్క రాసిచ్చాను. వాళ్ళ మనుషులు రాత్రికి రాత్రి వచ్చి పేరయ్య చేలోంచి డబ్బాల్లో పట్టుకెళ్ళారు. ఈ పెట్టెలో దిగుతున్నవి ఎవరివనుకున్నారు? మన పేరయ్యవి."

"అన్నీ పట్టుకెళ్ళలేదు వాళ్ళు," అన్నాడు పేరయ్య.

కరీముల్లా ఇక ఆగలేకపోయాడు. చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద పడేసి వసారాలోకొచ్చాడు. "అయితే ఇదేగా? పురుగులదేగా నువ్వు చెప్పేది? దీన్ని ఉంచి మింగుడుది ఎక్కించమంటావు. అంతేగా? రెండు గంటలు పట్టిందన్నా ఆ మాట రావడానికి. నా బతుకు దీని మీద ఉంది, నీకు పురుగులు తుమ్మాయి. ప్రేమదాసూ, లే, తాళ్ళు తియ్యి."

"ఉండండి," అంది రహమతున్నీసా.

ఆమె అప్పటిదాకా కుట్టు ఆపలేదు. కరెంటుతో పని లేని మిషను అదొక్కటే. సరిగ్గా అప్పుడే కొట్టులో బల్బు వెలిగింది. పెట్టెలు రెండూ గుర్రుమన్నాయి. పురుగుల పెట్టె టీవీలో ముందు గీతలొచ్చాయి, తర్వాత ఇంగ్లీషు అక్షరాలొచ్చాయి, తర్వాత పురుగుల వరసలు దిగడం మొదలెట్టాయి.

బుల్లయ్య తువ్వాలు విదిల్చి భుజాన వేసుకుని, రెండు చేతులా హ్యాండిలు పట్టుకున్నాడు. "చూడండి, మాటలెందుకు," అన్నాడు. జనం లేచి చుట్టూ మూగారు. తుపాకీ కుడికి జరిగింది, ఎడమకి జరిగింది, టిక్కుటిక్కుమని కొట్టింది. "అదీ. అది తప్పించుకుపోదామనుకుంటోంది. పోనిస్తానా? ఇటు రా. అదీ." బుల్లయ్య ఒళ్ళంతా ఊగుతోంది. కరీముల్లాకి యథాప్రకారం వీపులు కనపడ్డాయి.

"అన్నా," అంది రహమతున్నీసా, సూదిలో దారం ఎక్కిస్తూ. "ఒకసారి చేతులు తియ్యి."

"ఇప్పుడా? మధ్యలోనా? చచ్చిపోతాం అమ్మాయ్."

"ఏం కాదు. తీసి చూడు."

బుల్లయ్య, ఆడవాళ్ళకేం తెలుసన్నట్టు నవ్వి, చేతులు పైకెత్తాడు.

తుపాకీ కుడికి జరిగింది. ఎడమకి జరిగింది. టిక్కుటిక్కుమని కొట్టింది. ఒక పురుగు పోయింది, ఇంకో పురుగు పోయింది. బుల్లయ్య చేతులు గాల్లో ఉన్నాయి, ఆట నడుస్తోంది.

జానకిరామయ్య మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "అడుగున ఇంగ్లీషులో రాసి ఉందయ్యా, ఆడాలంటే బిళ్ళ వెయ్యమని," అన్నారు. "బిళ్ళ వెయ్యకపోతే తనంతట తను ఆడి చూపిస్తుందేమో, ఆట ఎట్లా ఉంటుందో తెలియడానికి."

"ఆ అక్షరాలు నన్ను మెచ్చుకోవడం అనుకున్నాను. మెచ్చుకునే బిళ్ళ అడగట్లేదనుకున్నాను," అన్నాడు బుల్లయ్య. వెంటనే తేరుకుని, "అయినా నేను వారం రోజులు నేర్పాను కదండీ దీనికి. పట్టుబడింది," అన్నాడు. కానీ ఆ గొంతు రోజూ వినే గొంతు కాదు.

కరీముల్లా జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. అతనికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. వారం రోజులు పది పన్నెండు మంది మూగి చూసింది పైసా పడని ఆట. డబ్బాలో ఏమీ ఉండదు. నెల తర్వాత ఆదాం వచ్చి తాళం తీస్తే గాలి తగులుతుంది మొహానికి. "నీకు ముందే తెలుసా?" అన్నాడు భార్యతో.

"బిళ్ళ పడితే చప్పుడవుతుంది. నేను దీని పక్కనే కూర్చున్నాను. చెప్పబోతే, ఇది మిషను సంగతి అన్నావు."

కరీముల్లాకి ఎవరి మీద అరవాలో తెలియలేదు. బుల్లయ్య మీద అరుద్దామంటే, ఆ మనిషి ఇంకా చేతులు దింపకుండా టీవీ వంకే చూస్తున్నాడు. మోసం చేసి దొరికిపోయిన మొహం కాదది. ఇన్నాళ్ళూ తనే ఆడుతున్నాననుకున్న మొహం. మద్రాసులో పావుగంట కూడా ఇట్లాగే అయి ఉంటుందని కరీముల్లాకి తట్టింది, తట్టినందుకు ఇంకా చిరాకేసింది. ఇంత కోపంలో జాలి కూడా పడాలంటే ఎవరి తరం?

రహమతున్నీసా బొత్తాల డబ్బాలోంచి రూపాయి బిళ్ళ తీసి పెట్టె మీద పెట్టింది. "వేసి ఆడు అన్నా. ఇప్పుడు నువ్వే ఆడతావు."

బుల్లయ్య వద్దనలేదు. అంతమంది ముందు వద్దనే దారీ లేదు. బిళ్ళ వేశాడు, టక్కుమంది. అక్షరాలు పోయి పురుగులు దిగాయి. అతను అలవాటుగా హ్యాండిలు కుడికి తోశాడు. తుపాకీ కుడికి పోయింది. అతను ఉలిక్కిపడి చెయ్యి వదిలేశాడు. తుపాకీ ఆగిపోయింది. ఆగిన తుపాకీ మీద పైనుంచి ఏదో పడి పేలింది. రెండో తుపాకీ వచ్చింది. అది ఎడమ మూలకి పోయి అక్కడే ఉండిపోయి పేలింది. మూడోదానికి బటను నొక్కాలని గుర్తొచ్చేలోగా అదీ పోయింది.

మాస్టారు చేతి గడియారం చూసుకుని, "నలభై సెకన్లు," అన్నారు. లెక్కల మాస్టారు, ఊరుకోలేరు.

ఎవరూ నవ్వలేదు. బుల్లయ్య పక్కకి తప్పుకున్నాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ కరీముల్లాకి మాత్రమే వినపడేట్టు, "ఈసారి నేను తిప్పితే తిరిగిందిరా అది," అన్నాడు. వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

"సరే, ఇక దీన్నే ఎక్కించు," అన్నాడు కరీముల్లా ప్రేమదాసుతో. "వారం రోజులు దండగ. మింగుడుదే ఉంచుదాం."

"ఆగు భాయ్," అన్నాడు పేరయ్య. అతను లేచి జేబు తడుముకుంటున్నాడు. "ఇన్నాళ్ళూ బుల్లయ్యన్న ముందు మనమేం ఆడతాంలే అని ఊరుకున్నాను. నలభై సెకన్లేగా? ఈ ఏడు మందు కొట్టీ కొట్టీ చేతులు పడిపోయాయి, ఒక్క పురుగు నా కళ్ళ ముందు చావలేదు. ఇక్కడైనా చూస్తాను."

బిళ్ళ వేసి నిలబడ్డాడు. మొదటి తుపాకీ వెంటనే పోయింది. రెండోది కాసేపు నిలిచింది. మూడోదానికి పేరయ్య కాళ్ళు ఎడంగా పెట్టి, భుజాన స్ప్రేయరు వేసుకున్నవాడిలా వంగి, సాలు వెంట సాలు కొట్టుకుంటూ పోయాడు. పురుగు పోయినప్పుడల్లా అతని నోట్లోంచి "పో" అని చిన్న మాట వస్తోంది. ఆట అయిపోయేసరికి అతని చొక్కా తడిసిపోయింది, కళ్ళు కూడా అట్లాగే ఉన్నాయి. మూడెకరాల్లో చావనివి ముప్ఫై దాకా ఇక్కడ చచ్చాయి.

"ఎంతసేపు మాస్టారూ?" అన్నాడు ప్రేమదాసు.

"రెండు నిమిషాల నలభై సెకన్లు."

"అంటే నాలుగు బుల్లయ్యలు," అన్నాడు ప్రేమదాసు.

ఇప్పుడు నవ్వారు. అంతే, తర్వాత ఎవరూ నిమిషాలు అడగలేదు. ప్రేమదాసే ముందు బిళ్ళ తీశాడు, యార్డు గేటు ఎటుపోతే ఏం అని. రెండున్నర బుల్లయ్యలు ఆడాడు. సైకిళ్ళ కొట్టువాడు వీధి దాటి వచ్చి పావు తక్కువ ఐదు ఆడాడు. బుల్లయ్య కంటే కాస్త ఎక్కువసేపు నిలబడలేమా అని ఊళ్ళో ప్రతివాడికీ ధైర్యం వచ్చేసింది. బస్సు దిగినవాళ్ళు కూడా వచ్చి వరసలో చేరారు. ఒకరి తర్వాత ఒకరు వేస్తుంటే బిళ్ళలు టక్, టక్ అంటున్నాయి. కరీముల్లా ఆ చప్పుడు వింటూ నిలబడి భార్య వంక చూశాడు.

"ఇప్పుడు పడుతున్నాయి," అందామె.

"మింగుడుది ఎక్కించు," అన్నాడు కరీముల్లా. నలుగురు కలిసి మింగుడు పెట్టెని మిర్చి బస్తాల మీదికెక్కించి తాళ్ళు బిగించారు. పదకొండున్నరకి లారీ కదిలింది. ప్రేమదాసు కిటికీలోంచి తల బయటపెట్టి, తిరుగు ప్రయాణంలో మూడు బుల్లయ్యలు దాటిస్తానని చెప్పి పోయాడు.

బుల్లయ్య ఆ మాటలన్నీ మెట్టు మీదే కూర్చుని విన్నాడు. ఎవరూ అతన్ని పలకరించలేదు, అతనూ ఎవరినీ పలకరించలేదు. రెండు గంటలు నోరు మూయని మనిషి అట్లా కూర్చుంటే, చెయ్యి చాచి పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడించాలనిపించింది కరీముల్లాకి. తనకి అట్లా అనిపించడం అతనికే నచ్చలేదు. ఒక టీ తెప్పించి పక్కన పెట్టి లోపలికి పోయాడు.

మళ్ళీ బయటికొచ్చి చూస్తే టీ గ్లాసు ఖాళీగా ఉంది, మెట్టు మీద మనిషి లేడు. వరసలో అందరికంటే వెనక ఎర్ర తువ్వాలు కనపడింది. గుప్పిట్లో ఏదో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. తన వంతు వచ్చాక బిళ్ళ వేసి, ముక్కు టీవీకి ఆనుతుందా అన్నంత దగ్గరగా నిలబడి, ఊగకుండా, పళ్ళు బిగించి ఆడాడు. మాస్టారు రేడియో చంకలో పెట్టుకుని బయల్దేరబోతున్నవారు ఆగి గడియారం చూశారు.

ఆట అయిపోయింది. బుల్లయ్య వెనక్కి తిరిగాడు. వసారా నిండా జనం అతని నోటి వంకే చూస్తున్నారు.

"ఎన్ని ఆడావన్నా?" అన్నాడు పేరయ్య.

బుల్లయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"ఒకటింపావు," అన్నాడు.

మాస్టారు గడియారం చూసి, సరిగ్గా అంతే అన్నారు.